వరిపొట్టు బుట్ట

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలు తాకకూడని సరుకులు రెండుండేవి. ఒకటి కొత్తగా కొన్న టీవీ. రెండోది మంచం కింద బుట్ట, అందులో వరిపొట్టు మధ్య దాచిన నాటుబాంబులు. మా ఊళ్లో రెండు పార్టీలు. అలాంటి బుట్ట లేని ఇల్లు రెండు వైపులా తక్కువే. అదేమిటని మేమెప్పుడూ అడగలేదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం టీవీలో సినిమా వేశారు. పిల్లలు గుంపుగా వస్తారని మా జేజి, అంటే నాయనమ్మ, పొద్దున్నే ఆ బుట్టను వంటింటి అటక మీదికి మార్చింది. నేను చూశాను.

సినిమాలో ఒక సైంటిస్టు. కోపమొస్తే చాలు, కొండంత మనిషై జీపులు గిరాటేస్తాడు, గోడలు పగలగొడతాడు. కోపం దిగాక చిరిగిన బట్టలతో ఏడుస్తూ, ఆ జబ్బుకు మందు కోసం గాజు గొట్టాల ముందు పడిగాపులు కాస్తాడు. ఆ ఏడుపు మాకెందుకు? గోడ కూలినప్పుడల్లా ఈలలేశాం. జేజి మాత్రం "అయ్యో పాపం, ఆ బిడ్డకు నయమైతాదంటావా?" అని నన్ను అడిగి అడిగి విసిగించింది.

ఇంతలో ఢామ్మని పేలింది. టీవీలోదే అనుకుని చప్పట్లు కొట్టాం. జేజి చిన్నకొడుకు, మా చిన్నాయన, గుమ్మంలోకి వచ్చాక గానీ అసలు సంగతి తెలియలేదు. బస్సు దిగుతుంటే అవతలి పార్టీవాళ్లు కాపుకాసి బాంబేశారట. చెవి తెగి వేలాడుతోంది, చొక్కా అంతా నెత్తురు.

"బుట్ట యాడ పెట్టినావమ్మా? ఈ పొద్దు వాళ్లల్లో ఒక్కన్ని మిగిలిస్తే అడుగు!" అని అరిచాడు. జేజి తనకు తెలియదంది. నా నోరు పడిపోను, సినిమా పూనకంలో ఉన్నానేమో, "అటక మింద ఉండాది చిన్నాయనా!" అనేశాను.

ఆయన బుట్ట దించాడు. జేజి కడవెడు నీళ్లు తెచ్చి దాని మీద కుమ్మరించింది. ఇక అవి పేలవు. చిన్నాయన మూలనున్న కట్టె అందుకుని కన్నతల్లి చేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను.

జేజి ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని మెల్లగా అంది. "టీవీలో ఆ బిడ్డకు తనది జబ్బని తెలుసు. నీకింకా తెల్దు నాయనా."

చిన్నాయన చేతిలో కట్టె జారిపోయింది. ఆ నీళ్లలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ రోజు ఎవరి మీదికీ పోలేదు, ఆ తర్వాతా పోలేదు. జేజికి కట్టు విప్పేదాకా తానే సంగటి ముద్దలు చేసి తినిపించాడు. చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కుంది.

ఆ సినిమా ముగింపు మేమెవరమూ చూడలేదు. సైంటిస్టుకు నయమైందో లేదో తెలియదు. మా చిన్నాయనకు నయం కావడానికి జేజి చెయ్యి విరగాల్సి వచ్చింది. ఇప్పుడు నేనూ జేజినే. నాకూ కోపం తక్కువేం కాదు, మనవల మీద చెయ్యి లేస్తుంది. లేచినప్పుడల్లా ఆ వంకర చెయ్యి కళ్ల ముందుకొస్తుంది, బుట్ట చోటు చెప్పింది నేనేనని గుర్తొస్తుంది. లేచిన చెయ్యి దించేస్తాను.