పిన్ని బేరం

బడిపిల్లల్ని బండిలో దింపే మా పిన్ని రోజూ పొద్దున వాళ్ళ పేర్లన్నీ దేవుడికి చెప్పుకున్నాకే తాళం తిప్పేది. పాతబండి మూలపడ్డాక, ‘నీకు బేరాలు చేతకావు’ అని బాబాయి అన్నందుకు పంతం పట్టి, ఫైనాన్సులో ఎస్‌యూవీ కొనడానికి నన్ను తీసుకుని షోరూముకు వెళ్ళింది. మూడు వరుసల సీట్లున్న తెల్లబండి నచ్చింది.

“ధరెంత బాబూ?”

“నెలకి చాలా తక్కువ పడుతుందమ్మా,” అన్నాడు సేల్స్‌మన్, మంచినీళ్ళు అందిస్తూ.

“నేనడిగింది ధర. నువ్వు చెప్పేది వాయిదా.”

“కట్టే ఏళ్ళు పెంచితే వాయిదా ఇంకా తగ్గుతుందమ్మా.”

“బండి తుక్కయ్యాక కూడా కట్టమంటావా? ధర తగ్గించు. లేదంటే నీ నీళ్ళు తాగి ఎదురు షోరూముకు పోతాను.”

అతను నవ్వి, మేనేజరును అడిగొచ్చి, ధర బాగానే తగ్గించాడు.

“ఒక్క సాయం చెయ్యి నాయనా,” అంది పిన్ని. “రేపు మా ఆయనొచ్చి ఇంకా తగ్గించమంటాడు. ఆయనకి రూపాయి కూడా తగ్గించకు.”