రత్నాంబ గారింట్లో హల్లబలూ

ఏలూరు వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు వీరరాఘవులు గారి భార్య రత్నాంబకు లోకంలో ఒక్క మనిషిని చూస్తేనే కుళ్ళు. ఆ మనిషి డబ్బున్నదీ కాదు, నగలున్నదీ కాదు. అవి రత్నాంబకే బోలెడున్నాయి. ఆవిడ కుళ్ళంతా గోడకు అవతల కాపురముండే మరియంబీ మీద. ఆ మరియంబీకి ఏముందయ్యా అంటే, తివాచీలు నేసే మొగుడు మదార్, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, ఇంటినిండా మనవలు, చెవులు వినపడని అత్తగారు. అంతే! ఆ అంతేకే రత్నాంబకు కడుపు మండిపోయేది.

రత్నాంబ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. పిల్లల్లేరు. వీరరాఘవులు గారు మంచివారే, కాకపోతే మాట ఖర్చుపెట్టే రకం కాదు. పొద్దున "కాఫీ", మధ్యాహ్నం "వడ్డించు", రాత్రి "తలుపేశావా". పెట్టిన చెంచా పెట్టినచోటే ఉండే ఇల్లు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పొందిక చూసి పుట్టింటివాళ్ళు మురిసిపోయారు. యాభై దాటేసరికి ఆ చెంచాను చూస్తే విసిరికొట్టాలనిపించేది ఆవిడకి. విసిరితే మళ్ళీ తీసి కడిగేది కూడా తనే కదా, అందుకని ఊరుకునేది.

పొద్దున్నే గోడవతల మొదలయ్యేది. కుక్కరు కూతలు, మనవడు షాబాజ్‌గాడి సాక్సు ఒకటి దొరక్కపోవడం, స్కూలు ఆటోవాడి హారను, ఎవరూ పిలవకపోయినా ముసలమ్మ "వస్తన్నా, వస్తన్నా" అని కేకలు. రత్నాంబ పెరట్లోకి వెళ్ళి అవన్నీ వినేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఈవిడకు పొరుగింట్లో మాడిన కూర కూడా రుచే. వింటున్నంతసేపూ తిట్టుకునేది కూడా. 'ఒక్కదానికే అంత గోల ఎందుకిచ్చాడో దేవుడు, పంచి ఇవ్వచ్చుగా' అని.

ఇలా ఉండగా రెండు వీధుల అవతల కమ్యూనిటీ హాల్లో మనోజ్ఞ అనే అమ్మాయి ఆడవాళ్ళకు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు పెట్టింది. ఊసుపోక రత్నాంబా చేరింది. తన సందువాళ్ళు ఇంకెవరూ అందులో లేరు. కొన్నాళ్ళకు పాఠంలో గోలకు ఇంగ్లీషు మాటలు వచ్చాయి.

"మనకు గొడవ, రభస, గందరగోళం ఉన్నట్టే వాళ్ళకీ చాలా ఉన్నాయండి" అంది మనోజ్ఞ. "ఊరికే కేకలూ అరుపులూ అయితే హల్లబలూ. ఎవరెటు పరిగెడుతున్నారో తెలియకపోతే హెల్టర్ స్కెల్టర్. అదీ మించితే బెడ్‌లమ్, అది లండన్‌లో ఒకప్పటి పిచ్చాసుపత్రి పేరండి. ఇంకా మించితే పాండిమోనియం, దయ్యాలన్నీ ఒకచోట చేరినట్టు. పొద్దున్నే మీ ఇంట్లో ఏమవుతుందో ఈ మాటలతో చెప్పండి."

క్లాసులో ఉన్న రాజ్యం తన కవల పిల్లల సంగతి చెప్పింది. విజయకుమారి భీమడోలు నుంచి రైలు దిగి పొలోమని వచ్చిపడే చుట్టాల సంగతి చెప్పింది. రత్నాంబ వంతు వచ్చింది. మా ఇంట్లో ఏ మాటకూ పని లేదండీ అని చెప్పాలా? ఆవిడ నోరు తెరిచింది, మరియంబీ ఇల్లు బయటికొచ్చింది.

"మా మరిది గారి పిల్లలు మా దగ్గరే ఉండి చదువుకుంటున్నారండి. ఎవ్రీ మార్నింగ్ మా హౌస్‌లో పాండిమోనియమే."

సాక్సు చెప్పింది, ఆటో చెప్పింది, ముసలమ్మను కూడా చెప్పింది. అందరూ విరగబడి నవ్వారు. ఇక రోజూ అదే వరస. రత్నాంబ గారింట్లో ఈ పూట ఏమైందట అని చుట్టూ మూగేవాళ్ళు. పుట్టి బుద్ధెరిగాక తన చుట్టూ అంతమంది మూగడం ఆవిడకు అదే మొదలు. ఆ రుచి మరిగాక ఎవరు మాత్రం మానతారు?

ఒకరోజు కొల్లేటి వైపు నుంచి మదార్ చుట్టం ఎవరో బతికిన కొర్రమీలు తెచ్చాడు. అవి బకెట్లోంచి ఎగిరి వంటింట్లో పడ్డాయి. గోడవతల వీరంగం! ఇంత బంగారంలాంటి గోలను వదులుకోవడం రత్నాంబ వల్ల కాలేదు. కానీ నీచు తగలని తన ఇంట్లో కొర్రమీనేమిటి, పరువు పోదూ? అందుకని ఆవిడ దాన్ని ఎలకను చేసింది.

"బకెట్లోంచి ఎగిరిందండీ ఎలక! పట్టుకుంటే జర్రున జారిపోయింది. తోక కొట్టుకుంటూ ఇల్లంతా తడిపేసింది. కంప్లీట్ బెడ్‌లమ్!"

నవ్వులు సద్దుమణిగాక చూస్తే, వెనక వరసలో మరియంబీ కూర్చుని ఉంది. మనవరాలు ఇరమ్ స్కూల్లో మీటింగులన్నీ ఇంగ్లీషులో జరుగుతున్నాయని ఆవిడా ఆరోజే చేరింది. ఎలక కథ మొదటినుంచీ విన్నది. రత్నాంబకు దొంగకు తేలు కుట్టినట్టయింది.

"కొత్తగా వచ్చారు కదండీ, మీరూ చెప్పండి మీ ఇంటి సంగతి" అంది మనోజ్ఞ.

మరియంబీ లేచింది. తన ఇంటి సంగతి ఉన్నదున్నట్టు చెబితే చాలు, రత్నాంబ బతుకు బజారున పడుతుంది. ఆవిడ రత్నాంబ వంక ఒకసారి చూసింది.

"మా ఇంట్లో ఏ గోలా ఉండదండి" అంది నెమ్మదిగా. "ఆయన పేపరు తిప్పినా వినపడుద్ది. పిల్లలు లేరు. టీవీలో ఎవరన్నా నమస్కారం అంటే నేను నమస్కారమండీ అంటాను. పొద్దున్నే పక్కింటి పిల్లల గోల మొదలవగానే పెరట్లో గోడకి చెవి ఆనించి నుంచుంటాను. ఆటో వెళ్ళిపోయాక కూడా కాసేపు అలాగే ఉంటానండి."

మరియంబీ రోజూ డాబా మీద బట్టలు ఆరేస్తుందని, అక్కణ్ణుంచి తన పెరడు మొత్తం కనబడుతుందని, గోడకు ఇటు మాట అటూ వినపడుతుందని రత్నాంబకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

ఎవరో "అయ్యో పాపం" అన్నారు. విజయకుమారి కళ్ళొత్తుకుంది. రాజ్యం లేచి వెళ్ళి మరియంబీ చెయ్యి పట్టుకుంది.

"ఒక్కరూ ఎందుకండీ అలా గోడ దగ్గర నుంచోవడం? రేపట్నుంచి మా ఇంటికి వచ్చెయ్యండి. మా కవలలు మిమ్మల్ని ఒక పట్టాన వదలరు."

"అలాగేనండి" అంది మరియంబీ.

తన పరువు నిలబెట్టింది మహాతల్లి. రత్నాంబకు ఆ విశ్వాసం ఉండాలి, ఉంది కూడా, ఓ చిటికెడు. తక్కినదంతా మంటే. ఆ "అయ్యో పాపం" అన్న మాట తనకు దక్కాల్సింది. ఆ కన్నీళ్ళు తనకోసం రావలసినవి.

రాజ్యం ఇటు తిరిగి నవ్వింది. "మీకేం లెండి రత్నాంబ గారూ, మీ ఇల్లు నిండుగా ఉంది. మిమ్మల్ని పిలిచినా మీకు తీరదు."

"అవునండి, నాకెక్కడ తీరుతుంది" అంది రత్నాంబ.

గోడవతల సందడి అంతా ఉన్న మరియంబీకే ఆ పిలుపు కూడా దక్కింది.