తెర మీది నల్లచుక్కలు

తెనాలిలో నేను పనిచేసే కిడ్నీ ఆసుపత్రిలో వంగే స్కోపులు రెండున్నాయి. రెండూ పిడికి అమర్చిన సన్నటి, పొడవాటి గొట్టాలే. మూత్రనాళం గుండా పైకి వెళ్లి, కిడ్నీ లోపల కొసను ఎటు కావాలంటే అటు వంచి చూడగలవు. ఒంటి మీద కోత పెట్టకుండా రాయి దగ్గరికి లేజరు తీగను చేర్చేవి అవే. వాటిని కడగడం, ఎక్కడైనా చిల్లి పడిందేమోనని లోపలికి గాలి ఎక్కించి నీళ్లలో ముంచి చూడడం, ఆరబెట్టడం, మెలిక పడకుండా పెట్టెలో సర్దడం నా పని. ఎవరితోనూ పెద్దగా మాట్లాడనక్కర్లేదు కాబట్టి ఆ పని నాకు మొదటి రోజు నుంచే నచ్చింది.

పాత స్కోపు లోపల వెంట్రుకకన్నా సన్నని గాజు పోగులు వేలకొద్దీ ఉంటాయి. కొస దగ్గర కనిపించినదాన్ని ఆ పోగులే వెనక ఉన్న కంటిగాజు దాకా మోసుకొస్తాయి. అక్కడ కెమెరా తగిలిస్తే టీవీలో బొమ్మ వస్తుంది, తేనెపట్టు గుండా చూసినట్టు గళ్లుగళ్లుగా. వాడగా వాడగా ఎక్కడైనా ఒక పోగు తెగితే అక్కడ నల్లచుక్క మిగిలిపోతుంది. మా పాతదానికి అలాంటి చుక్కలు చాలానే ఉన్నాయి. కొత్తది డిజిటల్‌ది. దాని కొసలోనే చిన్న కెమెరా ఉంటుంది. బొమ్మ అద్దంలా వస్తుంది, ఎర్రటి నరాలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. కాకపోతే ఆ కెమెరా పట్టాలి కాబట్టి కొస కాస్త లావు. పాతది ఒక్కో చుక్కగా చూపు పోగొట్టుకుంటుంది. కొత్తది పనిచేసినంతకాలం అంతా చూపిస్తుంది, పాడైతే ఒక్కసారే చీకటి. పనిలేని మధ్యాహ్నాలు రెంటినీ పక్కపక్కన ఆరబెట్టి చూస్తూ కూర్చునేదాన్ని. ఏది మేలో నాకెప్పుడూ తేలలేదు.

మా అమ్మావాళ్లది రేపల్లె. నేను చదువుకున్నదంతా బాపట్లలో, మా పెద్దమ్మ ఇంట్లో. ఆవిడ అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు చెప్పి, గుడ్లు పెట్టి, పదవీ విరమణ చేసిన మనిషి. పిల్లలు లేరు, పెదనాన్న లేరు. నేను ఎవరింటికైనా వెళ్తే తలుపు చాటున నిలబడే రకం. కాలేజీ ఆఫీసులో అయినా, బట్టల కొట్టులో అయినా నా మాటలన్నీ ఆవిడే మాట్లాడేది. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం పట్టుకుని నేను వంటింటి గుమ్మంలో కూర్చుంటే, నన్ను లేపకుండా నా మీదుగా దాటి వెళ్లి పొయ్యి వెలిగించుకునేది. ఆ దాటడం గురించి నా డైరీలో ఎక్కడా రాసుకోలేదు. అది రాసుకోవలసిన విషయమని అప్పట్లో తెలియదు.

కిందటేడు ఆవిడకు నడుములో నొప్పి వచ్చింది. స్కాను తీస్తే ఎడమ కిడ్నీ చిన్నప్పుడే ఎండిపోయి ఎండు ఖర్జూరమంత అయిందని తేలింది. ఇన్నేళ్లూ పనంతా కుడిదే చేస్తోంది. రాయి పడింది ఆ కుడిదాంట్లోనే. అది దెబ్బతింటే ఇక డయాలసిస్సే గతి అని ఎవరూ ఆవిడతో అనలేదు. కానీ ఆవిడకు అర్థమైంది, ఎందుకంటే ఆ సాయంత్రం ఎప్పుడూ లేనిది టీవీ పెట్టుకోలేదు.

మర్నాటికి మళ్లీ మామూలే. మా దగ్గర కొత్త కెమెరా ఉందని నేను ఎప్పుడో చెప్పిన ముక్క పట్టుకుని, చెరుకుపల్లిలో ఉన్న మరదలి దాకా అందరికీ ఫోన్లు చేసింది. ఆపరేషన్ మా ఆసుపత్రిలోనే అని తేలాక, ఆ గదిలో నేనూ ఉండాల్సిందేనని మా డాక్టరుగారి ముందే పట్టుబట్టింది. నీకు కష్టమైతే వేరే వాళ్లను పెట్టుకుంటానమ్మా అన్నారు ఆయన నాతో. ఉంటానన్నాను.

ఉబ్బసం ఉందని, మత్తు ఇచ్చే డాక్టరు, మేమంతా మత్తు మేడం అంటాం, ఆవిడకు నడుముకే ఇంజెక్షను ఇచ్చారు. నడుము కింద తిమ్మిరి, పైన మాత్రం పూర్తి తెలివి. అలా ఇచ్చినప్పుడు మా డాక్టరుగారు టీవీని కాస్త పేషెంటు వైపు తిప్పుతారు, చూడాలనుకునేవాళ్లు చూస్తారని. పెద్దమ్మ చూస్తానంది. ముందుగా మూత్రసంచి లోపలి భాగం గులాబీ రంగులో తళతళా కనిపించింది. బాగానే ఉందే నా లోపల, అని మెచ్చుకుంది.

తర్వాత కొత్త స్కోపు పైకి వెళ్లలేదు. ఆవిడ మూత్రనాళం అంత సన్నం. డాక్టరుగారు ఒకసారి మెల్లగా నెట్టి చూశారు, కొంచెం తిప్పి మళ్లీ చూశారు, ఆగిపోయారు. ఇంకొంచెం బలం పెడితే వెళ్తుందేమో. కానీ నాళం చిరిగితే ఉన్న ఒక్క కిడ్నీకీ దారి పోతుంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోవడం నేను దగ్గరగా చూశాను. ఆ చేతికి నేను ఈరోజుకీ మనసులో దండం పెట్టుకుంటాను.

పాతది ఇమ్మన్నారు. అదీ వెళ్లకపోతే నాళంలో స్టెంటు, అంటే సన్నటి మెత్తటి గొట్టం వేసి, దారి వదులయ్యాక కొన్ని వారాలకు మళ్లీ చూద్దామన్నారు. పాతది సన్నం కదా, వెళ్లింది. కెమెరా తగిలించాను. టీవీలో బొమ్మ వచ్చింది, గళ్లుగళ్లుగా, దాని నిండా నల్లచుక్కలతో.

పెద్దమ్మ మాట్లాడడం మానేసింది. ముందు ఎవరమూ గమనించలేదు. తర్వాత మానిటరు కూత మారింది. ఆవిడ ఛాతీ ఎగసిపడుతోంది. మనిషి గట్టిగా ఊపిరి తీస్తే కిడ్నీ కూడా పైకీ కిందికీ ఊగుతుంది, అప్పుడు లేజరు రాయి మీద నిలవదు, పక్కన తగులుతుంది. ఈ ఆయాసంలో ఇంకా మత్తు ఇవ్వడం మంచిది కాదన్నారు మేడం. ఏమైందమ్మా అని డాక్టరుగారు అడిగారు. ఆవిడ తల తిప్పి నన్ను వెతుక్కుంది.

"అన్ని రాళ్లున్నాయేంటే? ఒకటే అన్నారుగా. నాకు చెప్పకుండా దాచారా?"

అప్పటిదాకా ఆ గదిలో నా గొంతు ఎవరూ సరిగ్గా విని ఉండరు. వెళ్లి ఆవిడ తల దగ్గర నిలబడ్డాను.

"అవి రాళ్లు కావు పెద్దమ్మా. నీ లోపల లేవు అవి, మా గొట్టంలో ఉన్నాయి. లోపల గాజు పోగులు తెగిన చోట్లు."

"నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావు."

"నీకు అబద్ధం ఎప్పుడు చెప్పాను?"

"బోలెడుసార్లు చెప్పావు. అన్నం తిన్నానని."

మత్తు మేడం ఫక్కున నవ్వారు. నేను డాక్టరుగారి వైపు చూశాను. ఏం అడగాలో తెలియక, సార్ ఒక్కసారి కొస తిప్పరా అన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది. కొసను అటూ ఇటూ నెమ్మదిగా వంచారు. గులాబీ గోడలు తెర మీద ఒకవైపు నుంచి ఇంకోవైపుకు జరిగాయి. చుక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"చూడు, నీ కిడ్నీ కదిలింది. చుక్కలు కదల్లేదు. రాళ్లయితే దాంతోపాటే పోవాలిగా?"

ఆవిడ చాలాసేపు చూసింది. మళ్లీ తిప్పమంది. ఆయన మళ్లీ తిప్పారు.

"అవునే," అంది. "మరి అసలుది ఏది?"

అసలుది కిడ్నీలోనే కింది అరలో, ఒక మలుపు అవతల ఉంది. పాత స్కోపు కొస బాగా వంగి అక్కడిదాకా చేరింది. పసుపు రంగులో, గరుకుగా, బెల్లం ముక్కలా కనిపించింది. దీనికా ఇంత హడావిడి, అంది పెద్దమ్మ. మానిటరు కూత నెమ్మదించింది.

నువ్వు మాట్లాడుతూనే ఉండమ్మా అన్నారు డాక్టరుగారు నాతో. ఇక మాట్లాడుతూనే ఉన్నాను. ఇదిగో లేజరు తగిలింది, ఇదిగో పిండిలా రాలుతోంది, ఇప్పుడు నీళ్లతో కడుగుతున్నారు, ఊపిరి చిన్నగా తీసుకో, ఇంకా చిన్నగా. బొమ్మ అద్దంలా లేదు. దుమ్ము లేచినప్పుడల్లా ఆయన ఆగి, నీళ్లు తేటపడేదాకా చూసి, మళ్లీ మొదలుపెట్టేవారు. కొత్తదైతే త్వరగా అయ్యేదేమో. కానీ లోపలికి వెళ్లగలిగింది ఇదే.

కొన్ని వారాలకు పెద్దమ్మ, రాయి పోయాక నాళం వాచిపోకుండా ముందుజాగ్రత్తగా పెట్టిన స్టెంటు తీయించుకోవడానికి బాపట్ల నుంచి రైల్లో వచ్చింది. స్కానులో కుడి కిడ్నీలో రాయి లేదు, వాపు లేదు. రక్తపరీక్ష కూడా బాగుంది. డాక్టరుగారికి చేతులు జోడించి, ఆయన వద్దంటున్నా దించలేదు. ఆయన ఇబ్బందిపడి, నీళ్లు బాగా తాగండమ్మా అని మాత్రం అన్నారు. ఆయన బయటికి వెళ్లాక నేను వెనకాలే వరండాలోకి వెళ్లి, ఆ రోజు మీరు బలం పెట్టనందుకు చాలా థాంక్స్ సార్ అన్నాను. అది నా పని కదమ్మా అన్నారు.

సాయంత్రం స్టేషనులో ఆవిడను రైలెక్కించడానికి వెళ్లాను. రైలు ఆలస్యం. పెద్దమ్మ బెంచీ మీద కూర్చుని సీసా మూత తీసి, తల వెనక్కి వంచి, గుటకలు వేస్తూ చాలా నీళ్లు తాగింది. పక్కన కూర్చుని ఆవిడ గొంతు కదలడం చూస్తూ ఉండిపోయాను. ఆ నీళ్లు కాసేపటికి ఎక్కడికి చేరతాయో, ఏ మలుపు తిరిగి ఏ సన్నని దారిలో దిగుతాయో నాకు తెలుసు. ఆ దారంతా నేను చూశాను. సీసా సగమయ్యాక ఆవిడ నాకిచ్చి, మళ్లీ నింపుకురమ్మంది. లేచి కుళాయి దగ్గరికి వెళ్లాను.