గానుగత్త పీట

మొన్న అనకాపల్లి బస్టాండు దగ్గర చెరుకు రసం తాగుదామని ఆగాను. మోటారు మిషన్లోకి గడలు పెడుతున్నది ఒక నడివయసు ఆవిడ. పక్కన బెల్టు గిరగిరా తిరుగుతోంది. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, ఫోన్లో ఎవరినో తిడుతూ తన పని తాను చేసుకుపోతోంది. గ్లాసు అందుకుంటూంటే మా మావయ్య మీద కోపం వచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, అయినా వచ్చింది.

అరవైల్లో మాట. బుచ్చయ్యపేట దగ్గర మావయ్య కళ్ళంలో కొత్త ఇంజిను గానుగ మొదలెట్టే పూట, పాత గానుగకి గడలు అందించే గానుగత్త తన పీట పట్టుకొచ్చి దాని ఎదురుగా వేసుకుని కూర్చుంది. పసుపు రాసిన తొలి గడ ఒళ్ళో ఉంది. మిషను నోరేమో మనిషి ఛాతీ ఎత్తున ఉంది. కూలీలు విరగబడి నవ్వారు.

"ఏటత్తా, కూకునే ఆకాశంలోకి ఇసురుతావేటి సెరుకు?" అన్నాడు బెల్లం వండే అతను.

"నిలబడే పెడతాను. నాకు కాళ్ళు నేవేటి?" అంటూ లేచింది.

అంతకుముందు ఎడ్ల గానుగ ఉండేది. దాని ముందు చిన్న గొయ్యి, గోతిలో ఈ పీట. మొగుడు ఎడ్లను తోలుతుంటే ఆవిడ కూర్చుని గడలు అందించేది. అందుకే ఊరంతా గానుగత్త అనేవాళ్ళం. ఎడ్లు లాగే దూలం తన మీదుగా వచ్చిన ప్రతిసారీ, మాట ఆపకుండానే తల వంచేది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్ళి భోజనాల్లో కూర్చున్నా మధ్యమధ్యలో తల వంచేది. ఏటా తొలి గడ ఆవిడ చేత పెట్టించడం మావయ్య ఇంట్లో ఆనవాయితీ.

ఆ రోజూ పెట్టించాడు, ఇంజిను ఆపి ఉంచి. తరవాత, "ఇంక నువ్వెళ్ళి పిప్పి ఆరబెట్టు. బెల్టులో సీర పడితే ఎవడు జవాబు సెప్పాలి?" అన్నాడు. మర్నాడు ఆవిడ నాట్లకి వెళ్ళినట్టు చీర గోచీ పోసి బిగించుకుని వచ్చింది. ఇంజిను బిగించడానికి అనకాపల్లి నుంచి వచ్చిన భాయి, "నేను నేర్పుతానండీ, పెద్ద పనేం కాదు" అన్నాడు కూడా. మావయ్య మిషను వైపు చూస్తూ, "సూద్దాంలే, వచ్చే ఏడు" అన్నాడు.

గడలు పెట్టడానికి మా అత్తయ్య తమ్ముణ్ణి కుదిర్చాడు. అతని పంచె అంచు రోజంతా బెల్టు పక్కనే రెపరెపలాడుతుండేది. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎడ్లు అమ్ముడుపోయినా గానుగత్త మొగుడికి పని పోలేదు. కుడితి పెట్టినంత శ్రద్ధగా ఇంజినుకి నీళ్ళు పోసేవాడు. "నీకేటి, మొగోడివి" అని దూరం నుంచే కసిరేది ఆవిడ, చెరుకు పిప్పి ఎండలో పరుస్తూ. ఆ పిప్పే పొయ్యికి వంటచెరుకు. ఇంజిను మింగే జోరుకి పిప్పి గుట్టలుగా పడేది, ఆవిడ నడుం ఎత్తే తీరిక ఉండేది కాదు. గోతిలో కూర్చున్నప్పుడే నయం, కబుర్లైనా సాగేవి.

ఏటా చెరుకు నరుకుడు మొదలవగానే గోచీ పోసుకునే వచ్చేది. ఆగిన ఇంజినులో తొలి గడ పెట్టి, "ఈ ఏడేనా బాబూ?" అని అడిగేది. "వచ్చే ఏడు" అనేవాడు మావయ్య. ఇంజిను పాత ఇనుముకి వెళ్ళిపోయింది, ఆవిడా పోయింది, మావయ్యా పోయాడు. ఆ వచ్చే ఏడు మాత్రం రాలేదు.