గాలికి ఎండిన వడియాలు

ఈ మే నెలలో నాకు అప్పగించిన ఉద్యోగం కాకులను తోలడం. సూర్యాపేటలో మా డాబా మీద పాత పంచె పరిచి మా ఆవిడ బియ్యప్పిండి వడియాలు పెట్టింది. జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పేవాడికి వేసవి సెలవుల్లో ఇంతకంటే తగిన పని దొరకదని ఆమె అభిప్రాయం. నల్ల గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాకులు నన్ను ఎంత తక్కువగా లెక్కచేస్తాయో గమనిస్తుండగా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. చెక్క గోడకు ఒక మేకు, మేకుకు వేలాడుతున్న దారం, దారానికి గుచ్చిన తెల్లటి బిళ్లలు. నార్వే ఉత్తరపు కొస నుంచి ఒకావిడ పంపింది. చదువుకునే రోజుల్లో నేను అక్కడ ఒక ముసలామె ఇంట్లో కిరాయికి ఉండేవాణ్ణి. ఈవిడ ఆ ముసలామె అక్క కూతురు. కింద ఇంగ్లిషులో నాలుగు ముక్కలు రాసింది: ఇల్లు ఖాళీ చేస్తున్నాం, ఆదివారం తాళాలు ఇచ్చేయాలి, ఇవి నీవేనని పిన్ని అంటోంది, పారేయమంటావా?

పారేయమనో వద్దనో ఒక్క మాటలో చెప్పొచ్చు. మూడు రోజులైంది, చెప్పలేదు.

అక్కడ నేను రెండేళ్లు చదివింది బూజు. చలి ప్రదేశాల్లో బూజు ఎలా బతుకుతుందన్నది ఆ చదువు పూర్తి పేరు గానీ, అంత పేరు వినే ఓపిక మా మేనత్తకు లేదు. పదో తరగతి నుంచి నన్ను కోదాడలో తన ఇంట్లో ఉంచుకుని చదివించిన మనిషి కనుక, వినకపోయే హక్కు ఆమెకు ఉంది. "బూజు సదవనీకి గంత దూరమెందుకురా? నా తొక్కు జాడీల ఏటా వస్తది. గీడనే కూసొని సదువు," అంది. అది వేరే బూజు అత్తా అన్నాను. "బూజుల వేరేది ఏముంటదిరా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి నాకు రెండేళ్లూ, చాలా కాగితమూ పట్టాయి. దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్లు ముగ్గురు, నాతో కలిపి.

మొదటి చలికాలం పొద్దు కనిపించకుండా పోయింది. అక్కడ అది మామూలేనని పుస్తకంలో చదివే వెళ్లాను. చదవడం వేరు, మధ్యాహ్నం అన్నం లైటు వేసుకుని తినడం వేరు. ముసలామె భర్త చేపల పడవ మీద పనిచేసి ఎప్పుడో పోయాడు. ఆమెకు ఇంగ్లిషు ఓ ఇరవై మాటలు వచ్చు, నాకు వాళ్ల భాష అంతకంటే తక్కువ. మా మధ్య ఒక్క గొడవా రాకపోవడానికి అదే కారణం అనుకుంటాను. నేను క్లాసుకు వెళ్లని రోజు సరిగ్గా పన్నెండింటికి తలుపు తట్టి, వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్లేది. సముద్రం అవతల కొండల వెనుక సన్నటి నీలం గీత కాసేపు వెలిగి ఆరిపోయేది. అది చూపించడానికే పిలిచేది. కాఫీ వాసన, ఉన్ని వాసన, ఎక్కడో చేపల వాసన. ఇద్దరం నిలబడి ఆ గీతను చూసేవాళ్లం. సూర్యాపేటలో ఎండ ఏడాదికి పదకొండు నెలలు కాస్తుంది, దాన్ని చూడమని ఇంతవరకు ఎవరూ నా తలుపు తట్టలేదు.

తర్వాత ఎండాకాలం వచ్చి, పొద్దు గూకడం మానేసింది. ఆ సంగతి ఫోన్లో చెబితే మా అత్త రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది. సృష్టి వైచిత్రి గురించి ఆలోచిస్తోందనుకున్నాను.

"రెండు నెల్లు గూకనే గూకదా?"

"గూకదత్తా."

"మరి ఒడియాలు పెట్టుకోరాదురా? రాత్రి ఎత్తే పనే ఉండకపాయె."

విజ్ఞానశాస్త్రం దృష్టిలో అందులో తప్పేమీ కనపడలేదు. అక్కడి దుకాణంలో దొరికిన బియ్యం కాఫీ గింజల మరలో పట్టి, అత్త ఫోన్లో చెబుతుంటే పిండి ఉడికించి, కిటికీ అరుగు మీద తువ్వాలు పరిచి పెట్టాను. ఎండ ఇరవై నాలుగు గంటలూ కాసింది, వేడి మాత్రం రాలేదు. నాలుగో రోజుకు వడియాలకు బూజు పట్టింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అది ఏ జాతిదో ఇట్టే గుర్తుపట్టాను. పరీక్షలో అదే బూజును గుర్తుపట్టలేకపోయాను.

"ఏం బియ్యం?" అంది అత్త.

"ఈడ దొరికినయ్."

"గందుకే. మిర్యాలగూడ బియ్యం పెట్టెల పెట్టి పంపితి గదా, ఏం జేసినవ్?"

"తిన్న. రెండు కిలోలు మిగిలినయ్."

"దాసిపెట్టి ఏం జేస్తవ్, పూజ జేస్తవా?"

మరుసటి ఎండాకాలం, చదువు ముగిసే రోజుల్లో, మిర్యాలగూడ బియ్యంతో రెండోసారి పెట్టాను. ఈసారి ముసలామె చూసింది. ఒక వడియాన్ని గోటితో నొక్కి, కిటికీలోంచి పొద్దును వేలితో చూపించి, తల అడ్డంగా ఊపింది. "సన్, నో. విండ్," అంది. ఇంటి వెనక దుంగలతో కట్టిన పెద్ద దండెం ఉంది. చలికాలమంతా దానికి చేపలను తోకలు కట్టి వేలాడదీస్తారు. ఎండ తగలక్కరలేదు, సముద్రపు గాలికే కట్టెల్లా ఎండిపోతాయి. వల కుట్టే సూదితో నా వడియాలను దారానికి గుచ్చి, ఆ దండేనికి కట్టి, సముద్రపు పక్షులు రాకుండా పైన పాత వల కప్పింది. తర్వాత పక్కనే ఒక తొట్టి బోర్లించి, దాని మీద అల్లిక పట్టుకుని కాపలా కూర్చుంది. కోదాడ డాబా మీద మా అత్త గొడుగు పట్టుకుని కూర్చునేది సరిగ్గా అలాగే. ఈ లోకంలో ఏ పక్షినీ నమ్మకూడదన్న విషయంలో ఇద్దరిదీ ఒకటే అభిప్రాయం.

ఆమె రోజూ గోటితో కొట్టి చప్పుడు వినేది. ఇంకా కాలేదన్నట్టు తల ఊపేది. నేను బయలుదేరే రోజున కూడా ఊపింది. అత్తకు కంటి ఆపరేషన్, రెండు నెలల్లో తిరిగి వచ్చి పరిశోధనలో చేరాలన్నది ఏర్పాటు. వచ్చే ఎండాకాలానికి ఇవి ఎండుతాయి, నేనే నూనెలో వేయించి పెడతానని చెప్పి, ఎలా పొంగుతాయో రెండు చేతులతో చూపించాను. ఆమె కూడా తన చేతులతో పొంగించి చూపించింది. అర్థమైందని అర్థం.

అత్త కన్ను బాగైంది. ఈలోగా సూర్యాపేటలో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఆ రెండు నెలలు పదిహేనేళ్లయ్యాయి. మొదట్లో కార్డులు రాశాను, తర్వాత రాయాలనుకున్నాను, ఆ తర్వాత రాయనందుకు సిగ్గుపడటం అలవాటైంది. వచ్చే ఎండాకాలం అన్నానే గానీ ఏ ఎండాకాలమో చెప్పలేదు, ఆ లెక్కన మాట తప్పలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

మూడో రోజు, జవాబు ఇవ్వకుండా ఎదురు ప్రశ్న వేశాను: ఆమె ఎలా ఉంది? వృద్ధాశ్రమంలో ఉందనీ, చూపు తగ్గిందనీ, మనిషి గట్టిగానే ఉందనీ అక్క కూతురు రాసింది. నేను వెళ్లాక వాటిని దండెం మీంచి తీసి నా గది గోడకు తగిలించిందట. ఏటా ఆ గది శుభ్రం చేసేటప్పుడు వాటిని తీసేయబోతే ఆమె అడ్డుపడేదట. 'ఆ అబ్బాయి ఇంకా రాలేదు' అనేదట.

అత్తకు ఫోన్ చేసి చెప్పాను. "పదిహేనేండ్లా? ఉంటయ్, మిర్యాలగూడ బియ్యం గదా," అంది ముందు. ఆ తర్వాత, "గా ముసలామె కాపాడింది సరే. నువ్వేం జేసినవ్ రా?" అంది.

మా ఆవిడ డాబా మీదికి వచ్చి ఫొటో చూసింది. "మీరు గాడ ఒడియాలు పెట్టిన్రా? ఈడ ఒక్కనాడు గంటె పట్టుకోలే," అంది. మళ్లీ ఫొటో చూసి, "సెలవులు ఇంకెన్నాళ్లున్నయ్?" అని అడిగి, జవాబు వినకుండానే కిందికి వెళ్లింది.

నూనె బాగా కాగనివ్వండి, ఒక్కొక్కటే వేయండి, పొంగగానే తీయండి అని వివరంగా రాశాను. చదువుకుని, చెరిపేశాను. అవి వేయించే పని నాది. వాటిని మేకుతో సహా తీసి వృద్ధాశ్రమంలో మీ పిన్ని గదిలో తగిలించండి అని రాసి, ఎండాకాలానికి వస్తున్నాను అన్నాను. ఈసారి ఏ ఎండాకాలమో కూడా రాశాను. ఇదే.

తల ఎత్తేసరికి ఒక కాకి వడియం ఎత్తుకుని పిట్టగోడ ఎక్కింది. తోలలేదు. ఇక్కడి ఎండకు ఏదైనా మూడు నాలుగు రోజుల్లో ఎండుతుంది, మనిషి ఇచ్చిన మాటతో సహా. అక్కడి చలిగాలిలో మాత్రం నా మాట పదిహేనేళ్లుగా దారానికి వేలాడుతూ, ఇంకా చెడకుండానే ఉంది.