ఆ చీర ఫొటో నా ఫోన్‌దే

తంగళ్ళపల్లి దగ్గర ఒక మరమగ్గాల కంపెనీ ఆఫీసులో నాకు ఉద్యోగం. కొత్త నమూనా చీర మగ్గం దిగగానే అంచుకూ కొంగుకూ ఫొటోలు తీసి సేటుకు పంపడం నా పనుల్లో ఒకటి. నిరుడు దసరాకు ముందు, నేను ఫొటో తీసిన ఒక చీర మా గోదాము దాటకముందే, అచ్చం అదే అంచుతో ఇంకెవరిదో చీర బజారులోకి వచ్చేసింది. మా పెద్ద బేరం చెడిపోయింది. సేటు అగ్గిమీద గుగ్గిలమై, లాయరు చెప్పిన మాట ప్రకారం ఫోన్లు, కంప్యూటర్లు తవ్వి చూసే మనిషిని హైదరాబాదు నుంచి పిలిపించాడు.

నెరిసిన గడ్డం, రెండు లాప్‌టాప్‌లు, ఒక నల్ల పెట్టె. నమూనా గదిలోకి వెళ్ళే మా అందరి ఫోన్లూ కావాలన్నాడు. "ఇష్టమైతేనే ఇవ్వండి మేడం" అంటూ సంతకానికి కాగితం జరిపాడు. ఇష్టం లేదన్నవాళ్ళే దొంగలన్నట్టు సేటు గుడ్లురుముతుంటే ఇంక ఇష్టమెక్కడిది! సంతకం పెట్టాను.

నా దిగులు చీర గురించి కాదు. ఆ ఫోన్‌లో మస్కట్‌లో ఉన్న మా ఆయన కోసం తీసుకున్న ఫొటోలున్నాయి. ఎలాంటివని అడగొద్దు. పెళ్ళయి, ఏళ్ళ తరబడి దూరంగా బతికే ఆడదానికి అర్థమవుతుంది. చెరిపేద్దామంటే చెరిపినట్టు తెలిసిపోతుందట. అదీ ఒక దొంగతనంలాగే కనిపిస్తుందని భయపడ్డాను.

"ఫొటోలన్ని చూస్తరా సార్?"

"చీరకు సంబంధించినవే చూస్తాను. మిగతావి నాకెందుకు మేడం?"

నమ్మాలనిపించింది. నమ్మలేకపోయాను.

ఇంటికి వెళ్తే మా అత్త ఫోనేదని అడిగింది. ఆఫీసులో పెట్టుకున్నారని చెప్పాను. "తప్పు చెయ్యనోళ్ళకు బుగులెందుకు బిడ్డా? అన్నం తిను" అంది. ఆమెకు ఏమని చెప్పను? పిల్లలకు తినిపించి, నా కంచం కడిగేశాను.

రెండు రోజుల తర్వాత నన్నొక్కదాన్నే సేటు గదిలోకి పిలిచారు. సేటు, లాయరు, ఆ గడ్డమాయన వరసగా కూర్చున్నారు. గడ్డమాయన లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. తెరమీద మా చీర అంచు.

"మీ చీరను కాపీ కొట్టినవాళ్ళ చేతికి చిక్కిన ఫొటో ఇదే మేడం, లాయరు గారు సంపాదించారు. ఏ ఫోన్‌తో తీశారో, ఎప్పుడు తీశారో ఫొటోలోనే దాగుంటుంది. ఇది మీ ఫోన్‌తో తీసింది."

వంగి చూశాను. అవును, నేను తీసిందే.

"ఏం చెల్లె, గిట్లనా నువ్వు చేసేది? ఇంటి మనిషి లెక్క చూసుకున్న గదా!" అన్నాడు సేటు.

"నేను ఎవ్వలికి పంపలే. నా పిల్లల మీద ఒట్టు" అన్నాను. ఆ మాట నా చెవులకే దొంగమాటలా వినబడింది. ఎప్పుడైనా చెయ్యి జారి ఎవరికైనా పోయిందా అని నన్ను నేనే అనుమానించుకున్నాను. కేసు, స్టేషను, పిల్లల బడిలో నా గురించి గుసగుసలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

గడ్డమాయన చెయ్యెత్తి సేటును ఆపాడు. "తీసింది మేడమే. పంపినట్టు మాత్రం ఈ ఫోన్‌లో ఎక్కడా లేదు. మేడం, ఇందులో మెయిల్ అకౌంటు ఎవరు పెట్టారు?"

అలాంటిదొకటి ఉందనే నాకు తెలియదు. ఫోను మా పుట్టింటి ఊరు కోరుట్లలో, మా తమ్ముడికి తెలిసిన దుకాణంలో కొన్నాం. దుకాణమాయనే డబ్బా విప్పి, అన్నీ నొక్కి, నా చేతికిచ్చాడు. అదే చెప్పాను.

"ఇదే అకౌంటు ఇంకా చాలా ఫోన్లలో ఉంది. మీరు ఫొటో తీస్తే అది ఆ అకౌంటులోకి ఎక్కి వాటన్నిటిలోనూ కనిపిస్తుంది. మీరు గ్యాలరీ ఒక్కటే చూస్తారు కాబట్టి వాళ్ళవి మీకు కనబడలేదు. వాళ్ళలో ఎవరో చీర ఫొటో తీసుకుని అమ్ముకున్నారు."

సేటు ముఖం విప్పారింది. "నేను ముందే అన్న గదా, చెల్లె గసుంటిది కాదని!" అన్నాడు, ఎప్పుడూ అనకపోయినా. చాయ్ తెప్పించమని కేకేశాడు. లాయరు అసలు దొంగను పట్టే సంగతి మాట్లాడుతున్నాడు. ఉద్యోగం దక్కింది, పరువు దక్కిందని వాళ్ళ లెక్క.

నా లెక్క మాత్రం ఇంకా తేలలేదు. గడ్డమాయన వైర్లు చుట్టుకుంటుంటే దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను.

"సార్, చీర ఫొటో ఒక్కటేనా పోయింది?"

ఆయన తల ఎత్తలేదు. "కొత్త అకౌంటు పెట్టాను మేడం. ఇకమీద ఏదీ పోదు."

"ఇప్పటిదాంక పోయినయి?"

"అవి ఎవరు దాచుకున్నారో చెప్పలేం."

ఆ సాయంత్రం మా ఆయన వీడియో కాల్ చేస్తే ఎత్తలేదు. మర్నాడు సెలవు పెట్టి, వేములవాడలో బస్సు మారి కోరుట్లకు పోయాను. దుకాణమాయన ఏమీ దాచలేదు. తప్పు చేసినట్టే అనుకోలేదు.

"అందరికి గదే అకౌంటు పెడ్త అక్కా. పాస్‌వర్డు ఎవ్వలికి యాదుండది. మర్చిపోయి నా దగ్గరికే ఉరికొస్తరు."

"ఎవ్వెవ్వలికి పెట్టినవ్?"

"గవన్ని యాదుంటయా? నువ్వు బుగులు పడకు. బయటోళ్ళెవ్వలు లేరక్కా, అంత మనోళ్ళే."

ధైర్యం చెబుతున్నాననుకున్నాడు పాపం. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఏం లాభం? బయటికొచ్చాను. నేను పుట్టి పెరిగిన బజారు. కూరగాయల ఆమె, మందుల షాపతను, ఎదురింటి పెదనాన్న కొడుకు, అందరి చేతుల్లోనూ ఫోన్లే.

బస్టాండులో మా తమ్ముడి దోస్తు ఎదురయ్యాడు. జగిత్యాలలో కొలువు చేస్తాడు, చిన్నప్పటి నుంచి మా ఇంట్లో తిన్నవాడు. "ఎప్పుడచ్చినవ్ అక్కా?" అని చూపు పక్కకు తిప్పుకున్నాడు. వాడు మొదటి నుంచీ అంత సిగ్గరేనా? గుర్తు తెచ్చుకోవాలని ఎంత చూసినా కుదరలేదు. నా చున్నీ సరిగ్గానే ఉంది. అయినా మళ్ళీ సర్దుకున్నాను.