నాలుగు నెలల వానకు సరిపడా పుస్తకాలు

మా పడమటి ఒడ్డున నది పక్కనున్న మతాయి బెండ్‌కు పుస్తకాల వ్యాను నాలుగు నెలలకోసారి వస్తుంది. ఊరి హాలు ముందు ఒక పూట ఆగుతుంది, చదివేసిన పుస్తకాలు ఎక్కించుకుని కొత్తవి దించి వెళ్ళిపోతుంది. ఏవి దించాలో వ్యాను నడిపే మనిషి చెప్పడు. ఊరి తరఫున ఒకరు లోపలికెక్కి, అల్మరాల మధ్య నిలబడి ఏరుకోవాలి. కథల పుస్తకాలు ఎవరు ఏరినా ఒకటే. మిగతావి, అంటే భూమి గురించీ, ఆకాశం గురించీ, మనుషుల గురించీ, పనిముట్ల గురించీ రాసినవి ఏరడం మాత్రం యుద్ధం ముగిసినప్పటి నుంచీ నోలా హెడిల్ పని.

నోలా కలప కోసే మిల్లు వంటశాలలో వంటమనిషి. తండ్రి బొగ్గుగనిలో నడుం విరగ్గొట్టుకున్న ఏడాది ఆమె బడి మానేసింది. రేవులో ఒక హోటలు వంటింట్లో బంగాళాదుంపలు చెక్కడంతో మొదలుపెట్టి, ఆర్చీ హెడిల్‌ను పెళ్ళాడి ఈ మిల్లుకు వచ్చింది. రంపాల హోరుకు ఆర్చీకి చెవులు సగం పోయాయి. రాత్రి భోజనమయ్యాక ఆమె గట్టిగా చదువుతుంది, ఆయన వింటాడు. చెక్క పలకల గోడలు కాబట్టి పక్క ఇళ్ళవాళ్ళూ వింటారు. వినలేదనే చెబుతారు.

మొదటిసారి వ్యాను వచ్చినప్పుడు ఆమె అందర్నీ అడిగింది, మీకేం కావాలి అని. అందరూ ఒకటే మాట: గుర్రాలూ తుపాకులూ ఉన్న కథలు. అవే తెచ్చింది. నెల తిరక్కుండా ఊరంతా వాటిని నమిలేసింది. తర్వాత మూడు నెలలు వాన. మిల్లు కుర్రాళ్ళు చదవడానికి ఏమీ లేక జాం సీసాల మీది కాగితాలు కూడా చదివారు. ఆ తర్వాత ఆమె ఎవర్నీ అడగలేదు. వడ్డిస్తూ వినడం నేర్చుకుంది. బల్ల దగ్గర ఒకడు చంద్రుడికీ ఆటుపోట్లకీ సంబంధమేంటంటాడు. ఇంకొకడు అదంతా ఒట్టి కోతలంటాడు. ఇద్దరూ మటన్ పులుసు చల్లారేదాకా పోట్లాడుకుంటారు. వచ్చేసారి వ్యానులో ఆమె సముద్రం పుస్తకం వెతుకుతుంది.

మంచి పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఆమెకో పద్ధతి ఉంది. వెనక ఉండే పదాల పట్టిక తీసి, తనకు బాగా తెలిసినదేదో అందులో చూస్తుంది: రొట్టె పులియడమో, బొగ్గు ధూళో, నది ఒడ్డున కుట్టే ఈగలో. ఆ ముక్క సరిగ్గా రాసి ఉంటే, తనకు తెలియనివాటి గురించి కూడా ఆ రచయితను నమ్మొచ్చు. తర్వాత మధ్యలో ఒక పేజీ నిలబడి చదువుతుంది. రాసినవాడు పుస్తకం మొత్తంలో ఎక్కడా “ఇది ఇంకా తెలియదు” అనకపోతే తిరిగి అల్మరాలో పెట్టేస్తుంది. ఒకసారి నిగనిగలాడే బొమ్మలు చూసి మోసపోయి తిమింగలాల పుస్తకం ఒకటి తెచ్చింది. రాసినాయనకు తెలియనిది లేదు, రాసినదాంట్లో సగం తప్పు. ఊళ్ళో పడవ ఉన్న ప్రతివాడూ ఆమెను ఏడాదిపాటు దెప్పాడు.

చివరగా ఎవరూ అడగని, ఎవరికీ తట్టని సంగతి మీద ఒక పుస్తకం తీసుకుంటుంది. అది తనకోసం అనుకుంటారు. నిజానికి ఎవరికోసమో ఆమెకూ తెలియదు.

ఏడాదికి మూడు పూటలు ఆ వ్యానులో నిలబడటమే నోలాకు దక్కిన చదువు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

ఆ వసంతంలో వ్యాను రావడానికి ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం హాల్లో సమావేశం పెట్టారు. రేకుల కప్పు మీద వాన. బల్ల మీద టీ, నదిలో పట్టిన పిల్లచేపలతో వేసిన అట్లు. హాలు కమిటీ పెద్ద ఆల్బీ ట్రెగర్తా లేచాడు. మిల్లు యార్డులో మేస్త్రీ. దుంగల మధ్య అరిచి అరిచి గొంతు ఎప్పుడూ పైస్థాయిలోనే ఉంటుంది.

“సూటిగా చెప్పేస్తున్నా. మిల్లులో అందర్నీ అడిగాను. ఆ పాఠాల పుస్తకాలు ఎవడు చదువుతున్నాడ్రా అంటే ఒక్కడంటే ఒక్కడు చెయ్యెత్తలా. మరెందుకు తెస్తున్నట్టు? తలుపులు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోడానికా?”

“అడ్డానికైతే తేనెటీగల పుస్తకం బావుంటుంది ఆల్బీ, మంచి బరువు,” అన్నారెవరో వెనక నుంచి.

“నవ్వండి. రేపట్నుంచి కథలే. ఏరేది కమిటీ. నోలాకి మన థాంక్సు చెప్పుకుందాం, పాపం ఇన్నాళ్ళూ చేసింది, ఇక విశ్రాంతి.”

నోలా కెటిల్ పట్టుకుని నిలబడింది. చెయ్యి కాలుతున్నా దించలేదు. ఎవరెవరు చదువుతారో ఆమెకు తెలుసు. వెనక్కి వచ్చిన పుస్తకాలు చెబుతాయి. ఒకదాంట్లో రంపపు పొట్టు ఉంటుంది, ఒకదాని అట్టకు చేప పొలుసు అంటుకుని ఉంటుంది. పోయిన దఫాలో పిల్లలకు మాటలు ఎలా వస్తాయో చెప్పే పుస్తకం ఆల్బీ భార్య తీసుకెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు ప్రతి పేజీ ఆల్బీ పైపు పొగాకు వాసన వేసింది. వాళ్ళ మనవడికి మూడేళ్ళు దాటినా మాటలు రాలేదు. ఒక్క మాట అంటే చాలు, ఆల్బీ కూర్చుంటాడు. కానీ ఎవరేం చదివారో బయటపెడితే, రేపట్నుంచి ఎవరూ కోటు కింద పెట్టుకునైనా పుస్తకం తీసుకెళ్ళరు. ఆమె కెటిల్ దించి, “ఎవరికన్నా ఇంకాస్త టీ కావాలా?” అంది.

“నేను ఆల్బీ వైపే,” అంటూ లేచాడు వాటీ ప్రెండెవిల్. మిల్లులో రంపాలకు పదును పెట్టేవాడు. దేన్నీ మెచ్చుకోడు. “పనికిమాలిన పుస్తకాలు. ఆ భూకంపాలది ఉందా, రాసినవాడికి బుర్ర లేదు. అంత లావు రాసి, చివరికి ఎప్పుడొస్తుందో చెప్పలేం అంటాడు. అది చెప్పడానికి పుస్తకమెందుకు, నేను చెప్పనా?”

“ఎప్పుడో చెప్పలేమన్నాడు. ఎక్కడొస్తుందో చెప్పాడుగా,” అంది పోస్టాఫీసు చూసే మారమా పొటికి. “సగంలో ఆపేసి మాట్లాడకు.”

“సగంలోనా? ఆ పటం ముందు వారం రోజులు కూర్చున్నా నేను! మన నది ఆ భూమి చీలిక గీత మీదుగానే పోతోంది.”

“ఓహో. అంటే నీ దగ్గరే ఉందన్నమాట. నేను అడిగితే, నాకేం తెలుసు అన్నావే?”

“నువ్వు అడిగిన తీరు అలా ఉంది మరి.”

హాలు వెనక భాగంలో కుర్చీలు కదిలాయి. తేనెటీగల పుస్తకం రాసినాయన మన అడవిలో ఎర్రగా పూసే రాటా చెట్టు పువ్వు మొహం ఎప్పుడైనా చూశాడా అని ఒకరు లేచారు. చూడలేదు, చూడలేదని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు కదా, కళ్ళు పెట్టుకు చదువు అని ఇంకొకరు. ఇంగ్లండు వంతెనల గురించి ఎవరో తిట్టడం మొదలుపెట్టారు, కట్టినవాణ్ణి కాదు, రాసినవాణ్ణి. పుస్తకాలను వెనకేసుకొచ్చినవాడు ఒక్కడూ లేడు. అందరూ తప్పులే ఎంచుతున్నారు, తప్పుల్లోనూ మళ్ళీ తప్పులు. ఆర్చీ భార్య చెవి దగ్గరికి వంగి, ఊరంతటికీ వినబడేలా అడిగాడు: “ఏంటి గొడవ? మనం చదివినవేనా?”

“అవేనయ్యా,” అంది నోలా.

వాటీ ఇంకా నిలబడే ఉన్నాడు. “అవన్నీ ఒకెత్తు. ఆ పిల్లల మాటల పుస్తకం ఒకెత్తు. మా ఆవిడ తెచ్చింది. మాట ఆలస్యమైన పిల్లలు మొద్దులవుతారట. అదేం రాతండీ?”

“ఎక్కడ రాశాడు అలా?” ఆల్బీ గొంతు దుంగల మీద అరిచినట్టే వచ్చింది. “ఎక్కడా రాయలా! మాట రాకపోవడం వేరు, అర్థం కాకపోవడం వేరు అన్నాడు. చెప్పిన పని చేస్తున్నాడా చూడండి, పాట పెడితే తల తిప్పుతున్నాడా చూడండి అన్నాడు. అది చూసుకుని ఓపిక పట్టమన్నాడు. తలకిందులుగా పట్టుకు చదివావా ఏంటి నువ్వు?”

ఆల్బీ భార్య అల్లుతున్న ఊలు మీద నుంచి తల ఎత్తలేదు, కానీ సూదులు ఆగాయి.

“ఏ పేజీలో ఆల్బీ?” అడిగింది మారమా, ఎంతో నెమ్మదిగా.

హాలు పగలబడి నవ్వింది. ఆల్బీ చెవులు రాటా పువ్వుల్లా ఎర్రబడ్డాయి. వాటీ కూర్చుని అట్టు తుంచుకున్నాడు. అతను నిజంగానే తప్పు చదివాడో, తెలిసే అన్నాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అడిగితే, నాకు చదువు రాదు అంటాడు.

“టీ చల్లారిపోతోంది,” అన్నాడు ఆల్బీ. ఆ మాటతో సమావేశం అయిపోయింది. తీర్మానం వోటుకు పెట్టనే లేదు. దాని మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా పడమటి ఒడ్డున ఓడిపోవడమంటే ఇలాగే ఉంటుంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు మారమా నోలా గొడుగు కింద దూరింది. “నువ్వు ఒక్క మాట అనుంటే ఎప్పుడో తేలిపోయేది.”

“ఏ మాట?”

“అదిగో, ఇదే. నీ నోట్లోంచి ఏదీ రాదు.”

“నీకు గాలివానల పుస్తకం దొరికితే తేనా, వద్దా?”

“నేను అలాంటివి చదవను,” అంది మారమా. ఇద్దరూ గేటు దాకా నవ్వుతూనే ఉన్నారు.

మర్నాడు వంటశాలలో పొద్దుటి పని ముగించి, నోలా ఏప్రన్ విప్పి, మంచి కోటు వేసుకుని వ్యానెక్కింది. లోపల తడిసిన కాగితం, పెట్రోలు కలిసిన వాసన. ఆమెకు అది రొట్టె వాసనంత ఇష్టం. పదాల పట్టికలు తిరగేసింది. ఈగలను గురించి అబద్ధం రాసిన ఒకాయన్ను పక్కన పెట్టింది. నైలు నది దాకా నడిచిన ఒకామె చెప్పుల పట్టీ తెగిన సంగతి దాచకుండా రాసింది, ఆమెను తీసుకుంది. గాలివానలు దొరికాయి. రక్తం గుండెలోంచి ఎలా పోతుందో బొమ్మలు గీసి చెప్పే పుస్తకం దొరికింది, ఆ గీతలు చూస్తే గుండెను చేతిలో పట్టుకున్నవాడే గీసినట్టుంది. కింది అరలో రాళ్ళ గురించి ఒకటి ఉంది. ఎవరూ అడగలేదు. నడిమి పేజీలో రచయిత, ఈ రాయి ఇక్కడికి ఎలా వచ్చిందో నాకు తెలియదు అని రాశాడు. ఆమె ఆ పేజీ రెండుసార్లు చదివి, పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టింది.

పెట్టెలు మోయడానికి ఆల్బీ వచ్చాడు. పిలవలేదు, వచ్చాడు. టోపీ తీయకుండా, ఆమెకేసి చూడకుండా ఒక పెట్టె ఎత్తుకున్నాడు.

“ఏమ్మా, ఇంత బరువేంటి? రాళ్ళేమన్నా పెట్టావా?”

“పెట్టాను. పైనున్నది అదే.”

ఆల్బీ పెట్టెతో వానలోకి దిగాడు. నోలా వ్యాను తలుపు దగ్గర నిలబడి చూసింది. హాలు వసారాలో పెట్టె దించాడు. తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూసి మూత ఎత్తాడు.

ఆమె వెనక్కి తిరిగి ఇంకో అల్మరా ముందుకు వెళ్ళింది. వ్యాను కదలడానికి ఇంకా ఒక గంట ఉంది.